సైన్సు, లెక్కల టీచర్లకు నెలకో రోజు ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారమండీ. పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ లెక్కల్లో, ఫిజికల్ సైన్సులో పిల్లలు ఎక్కువగా తప్పారని పత్రికల్లో వస్తుంది. కొన్నాళ్లకే సబ్జెక్టు టీచర్లకు ప్రత్యేక శిక్షణ అని ఇంకో వార్త. రెండూ నిజమే. శిక్షణ జరుగుతుంది, మేం వెళ్తాం, రోజంతా కూర్చుంటాం, వస్తాం. కానీ అక్కడ విన్నది తరగతి గదిదాకా ఎందుకు రావడం లేదో ఎవరూ రాయడం లేదు. అది ఆ హాల్లో కూర్చునేవాళ్లే చెప్పాలి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు స్కూల్ అసిస్టెంటుని. ఉత్తరం కాస్త పొడవైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మాకు శిక్షణ వద్దని నేను అనడం లేదు, ఇంకా ఎక్కువ కావాలంటున్నాను. కాకపోతే అది ఏడాదికోసారి జిల్లా కేంద్రంలో పెట్టే తరగతులు కాదు. నెలకో రోజు, మా మండలంలోనే, ఒక సబ్జెక్టు చెప్పేవాళ్లందరం ఒకచోట కూర్చుని, వచ్చే నెల చెప్పబోయే పాఠాల్లో ఉన్న ప్రయోగాలు మా చేతులతో మేమే చేసి చూసుకోవాలి. పిల్లల నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని ఎక్కడ ఎందుకు తప్పుతున్నారో మాట్లాడుకోవాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త యాప్ అక్కర్లేదు, దగ్గర్లోని కొన్ని బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఆ పనికి వదిలిపెడితే చాలు.

ఇప్పుడు శిక్షణ మా దాకా ఎలా వస్తుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. రాష్ట్ర స్థాయిలో పుస్తకాలు, శిక్షణ చూసే ఎస్‌సీఈఆర్‌టీ కొంతమందిని తయారు చేస్తుంది. వాళ్లు జిల్లా రిసోర్స్ పర్సన్లకు చెబుతారు, జిల్లా వాళ్లు మండలాల వాళ్లకు, వాళ్లు చివరికి మాకు. పైన రోజుల తరబడి చేసింది మా దగ్గరికొచ్చేసరికి గంటల్లోకి కుదించుకుపోతుంది, పైన చేసి చూపించిన ప్రయోగం కింద పీపీటీలో బొమ్మ అవుతుంది. మాకు చెప్పే రిసోర్స్ పర్సన్ కూడా మాలాంటి టీచరే, మొన్న తను విన్నది ఇవాళ మాకు ఒప్పజెప్పాలి, ఆయన్ని అనడానికేమీ లేదు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న మేం అడిగితే దాన్ని పైకి పంపి జవాబు తెప్పించే దారి లేదు. శిక్షణ అయిపోయాక ఆయన బడి ఆయనది, మా బడి మాది. జిల్లాకో డైట్, అంటే టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ, పెట్టింది ఇలాంటి పనికే గానీ, వాటిలో లెక్చరర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే ఎవరిని అడగాలి?

ఒక్క ఉదాహరణ విడమరచి చెబుతాను, ఎందుకంటే దూరం నుంచి చూస్తే ఇదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది. ఓమ్ నియమం. 2014లో వచ్చిన పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలో దీనికి ఒక కృత్యం ఉంది. పది సెంటీమీటర్ల సన్నని ఇనుప చువ్వ, అంటే సైకిల్ చక్రం పుల్ల లాంటిది తీసుకుని, సెల్స్ ఒక్కొక్కటే పెంచుతూ అమ్మీటర్, వోల్ట్‌మీటర్ రీడింగులు రాసుకోవాలి, వోల్టేజిని కరెంటుతో భాగిస్తే ప్రతిసారీ ఒకే విలువ వస్తుందని చూపించాలి. తర్వాత చువ్వ తీసి ఎల్‌ఈడీ పెట్టి, అక్కడ ఆ విలువ మారిపోతుందని చూపించాలి. ఆలోచన చాలా మంచిది. నియమం ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో పిల్లలకు ఒకే పీరియడ్‌లో తెలుస్తుంది. శిక్షణలో ఈ కృత్యానికి స్లైడు చూపించారు, పట్టిక నింపి ఉంది, విలువలన్నీ చక్కగా కుదిరాయి.

బడిలో చేస్తే మాత్రం రాదు. ఎందుకంటే పది సెంటీమీటర్ల సైకిల్ పుల్ల నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లో వందో వంతు కూడా ఉండదు. స్విచ్ వేయగానే అమ్మీటర్ ముల్లు ఆ చివరికి వెళ్లి కొట్టుకుంటుంది, వోల్ట్‌మీటర్ ముల్లు దాదాపు కదలదు, సెల్ వేడెక్కుతుంది. "టీచర్, రాలేదు" అంటారు పిల్లలు. ఆ టెన్షన్‌లో, పీరియడ్ అయిపోతుంటే, చాలామంది చేసేది పుస్తకంలో ఉన్నట్టు పట్టిక బోర్డు మీద రాసేయడమే. ఇలా రెండుసార్లు జరిగాక ఇంకెవరూ ఆ మీటర్లు బయటికి తీయరు. ప్రయోగాలు చేయించడం లేదని టీచర్లను తిట్టేవాళ్లు ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగి చూడాలి.

మా కాంప్లెక్స్‌లో ఫిజికల్ సైన్సు వాళ్లం కొందరం ఒకసారి దీన్ని పట్టుకుని కూర్చున్నాం. ఒక సీనియర్ మాస్టారు ఎలక్ట్రికల్ షాపులో దొరికే హీటర్ కాయిల్ తెచ్చారు. వెయ్యి వాట్ల కాయిల్‌కి మొత్తం మీద 50 ఓమ్‌ల పైచిలుకు నిరోధం ఉంటుంది, అందులో నాలుగో వంతు ముక్క కత్తిరించి పెడితే దాదాపు 13 ఓమ్‌లు. ఒక సెల్ పెడితే 100 మిల్లీ ఆంపియర్లకు కొంచెం పైన చూపించింది, రెండు పెడితే ఇంచుమించు రెట్టింపు, మూడు పెడితే మూడింతలకు దగ్గర. ముల్లు నిదానంగా ఒక్కో గీత ఎక్కుతుంటే ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నవాళ్లం పిల్లల్లాగా మీటరు చుట్టూ మూగాం. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది, ఇనుప చువ్వ ఎందుకు పనికిరాలేదని. అక్కణ్నుంచి సెల్‌కి కూడా లోపల నిరోధం ఉంటుందన్న సంగతికి, పాత సెల్స్‌తో లెక్క ఎందుకు కొంచెం తక్కువ వస్తుందన్న దానికి, టార్చి బల్బు పెడితే ఫిలమెంటు వేడెక్కి ఇంకో రకంగా ఎందుకు తప్పుతుందన్న దానికి మాట వెళ్లింది. తెలివైన పిల్లలు అడిగేవి సరిగ్గా ఇవే. ఇంటికెళ్లేటప్పుడు ఒక్కొక్కరం ఒక్కో కాయిల్ ముక్క పట్టుకెళ్లాం. దీన్నే నేను శిక్షణ అంటాను.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. 2022-23లో ఎనిమిదికి, ఆ తర్వాత తొమ్మిదికి, 2024-25లో పదికి. అందులో ఓమ్ నియమానికి అర మీటరు నిక్రోమ్ తీగ వాడమని ఉంది, అది సరైనదే. కానీ తీగ ఎంత మందమో చెప్పలేదు. మందం తీగ దొరికితే నిరోధం తక్కువై, మా బడుల్లో ఉన్న చిన్న అమ్మీటర్లు మళ్లీ ఆ చివరికే పోతాయి. అంటే పుస్తకం మారినా మా సమస్య తీరలేదు, ఇంకో రూపంలో వచ్చింది. పుస్తకం రాసినవాళ్ల తప్పని కూడా అనను. దేశమంతటికీ రాసే పుస్తకంలో మా బీరువాలో ఏ మీటరు ఉందో రాయలేరు కదా. అది మేమే తేల్చుకోవాలి, తేల్చుకోవడానికి చోటు, టైము ఉండాలి.

లెక్కల సంగతి వేరు. అక్కడ పరికరం కంటే పిల్లవాడి నోటు పుస్తకం ముఖ్యం. 0.4, 0.35, ఈ రెండింటిలో ఏది పెద్దదని ఏడో తరగతిలో అడిగి చూడండి. కొందరు 0.35 అంటారు, నాలుగు కంటే ముప్పై అయిదు పెద్దది కదా అని. 0.4 అన్నవాళ్లకు రైటు పెట్టి ముందుకు వెళ్లిపోతాం. ఆ రైటు చెప్పినవాళ్లనే 0.4, 0.75లో ఏది పెద్దదని అడగండి. వాళ్లలో కొందరు మళ్లీ 0.4 అనే అంటారు! వాళ్ల ఉద్దేశంలో చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే ఆ సంఖ్య పెద్దది. పదో వంతు కంటే వందో వంతు చిన్నదని మనం చెప్పిన మాటనే వాళ్లు అలా పట్టుకున్నారు. మొదటి ప్రశ్నలో తప్పినవాళ్లు ఈ రెండో ప్రశ్నకు 0.75 అని సరైన జవాబే చెబుతారు, కారణం మాత్రం అదే తప్పు కారణం. అంటే ఒక్క ప్రశ్న అడిగి మార్కులు వేస్తే ఎవరికి ఏం అర్థమైందో అసలు తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టి అడిగితేనే బయటపడుతుంది.

ఇది మా లెక్కల మాస్టారు ఒకాయన నోటు పుస్తకాల కట్ట తెచ్చి సమావేశంలో పరిచాకే నాకు తెలిసింది. ఆ తర్వాత వాదన జరిగింది కూడా. చివర సున్నా చేర్చి 0.40, 0.35 అని రాసి పోల్చమని చిట్కా చెప్పేస్తే సరిపోతుంది కదా అని ఒకరన్నారు. పరీక్షలో మార్కు వస్తుంది, నిజమే. కానీ సున్నా ఎందుకు చేర్చవచ్చో తెలియకపోతే తొమ్మిదో తరగతిలో సంఖ్యారేఖ మీద గుర్తించమన్నప్పుడు ఆ పిల్లలు మళ్లీ అక్కడే ఆగిపోతారు. గ్రాఫ్ కాగితం మీద వంద గళ్ల చదరం గీయించి, ఒకదాంట్లో నలభై గళ్లకు, ఇంకోదాంట్లో ముప్పై అయిదు గళ్లకు రంగు వేయించాలని నోటు పుస్తకాలు తెచ్చిన మాస్టారి వాదన. అలా చేయించి వచ్చే నెల ఏమైందో చెప్పుకుందామని అనుకున్నాం. మరుసటి నెల సమావేశం అంతా సర్క్యులర్లతోనే గడిచింది, ఆ మాట మళ్లీ రాలేదు.

సబ్జెక్టు తెలియడం వేరు, చెప్పడం తెలియడం వేరు, ఈ రెండూ కలిసే చోట టీచరుకి మాత్రమే కావాల్సిన జ్ఞానం ఇంకొకటి ఉందని 1986లో అమెరికాకు చెందిన లీ షుల్మన్ అనే విద్యావేత్త చెప్పారు. బీఈడీ కాలేజీల్లో ఈ మాట నోట్సులో ఉంటుంది. అయితే ఆ జ్ఞానం ఎమ్మెస్సీలో రాదు, ఉపన్యాసం వింటే రాదు, ముందున్న పిల్లల తప్పుల్ని నలుగురు కలిసి చూస్తేనే వస్తుంది. జపాన్‌లో టీచర్లు ఒక పాఠాన్ని కలిసి తయారు చేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లల్ని గమనించి, తర్వాత కూర్చుని చర్చిస్తారు. వాళ్లకు ఇది ప్రత్యేక కార్యక్రమం కాదు, ఎప్పటినుంచో ఉన్న అలవాటు.

జపాన్ దాకా ఎందుకు, మన దేశంలోనే జరిగింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు, 1972లో 16 బడులతో ఒక సైన్సు బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు మొదలుపెట్టాయి, ప్రభుత్వ బడుల్లోనే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి శాస్త్రవేత్తలు ఆ ఊళ్లకు వచ్చి టీచర్లతో కలిసి పనిచేశారు. 1978కి జిల్లా అంతటికీ పాకింది, 1982లో దాన్ని నడపడానికి ఏకలవ్య సంస్థ ఏర్పడింది. వేసవిలో జరిగే శిక్షణలో టీచర్లు పిల్లల స్థానంలో కూర్చుని, పిల్లలు చేయాల్సిన ప్రయోగాలన్నీ వాళ్లే చేసేవాళ్లు. ఆ తర్వాత ఏడాది పొడవునా నెలకోసారి దగ్గర్లోని కేంద్రంలో కలుసుకునేవాళ్లు. ఏ ప్రయోగం రాలేదు, పిల్లలు ఏం అడిగారు, ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాం అని. కిట్‌లో పగిలినవి, అయిపోయినవి మళ్లీ ఇచ్చే ఏర్పాటు ఉండేది. పరీక్ష కూడా పుస్తకం చూసి రాసేదే, దానితో పాటు ప్రయోగ పరీక్ష. పిల్లలు తమ ప్రశ్నలు సవాలీరాం అనే కల్పిత పాత్రకు ఉత్తరాలుగా రాస్తే జవాబులు వచ్చేవి. 2002లో అక్కడి ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లో, మామూలు సర్కారు టీచర్లతో నడిచిన పని అది. మన టీచర్ల వల్ల కాదనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మన తెలుగు నేలకూ ఇది కొత్తేం కాదు. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఏపీపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, రిటైరైన మాస్టార్లకు బాగా గుర్తుంటుంది. చేసి నేర్చుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం, చుట్టుపక్కల దొరికేవాటితోనే పాఠం చెప్పడం లాంటివి ఆ పథకం సూత్రాలు. కొన్ని బడుల టీచర్లు కలుసుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టారు, ఇప్పటి కాంప్లెక్స్ సమావేశాలను చూస్తే నాకు అవే గుర్తొస్తాయి. పథకం డబ్బులు అయిపోయాక ఒక్కొక్కటీ సన్నగిల్లిపోయాయి, సమావేశాలు మాత్రం మిగిలాయి. ఇవాళ కూడా కుప్పం దగ్గర గుడివంకలో ప్రయోగాలతో సైన్సు నేర్పే అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్‌కి వెళ్లొచ్చిన టీచర్ని గానీ, జన విజ్ఞాన వేదిక చెకుముకి సైన్సు సంబరాల్లో పనిచేసే టీచర్ని గానీ అడగండి, చేతులతో చేసి నేర్చుకున్నది ఎంతకాలం గుర్తుంటుందో వాళ్లు చెబుతారు. అయితే ఆసక్తి ఉన్న కొద్దిమంది సొంత టైములో చేసుకునే పనిగా మిగిలిపోతే లాభం లేదు. అందరికీ రావాలంటే అది డ్యూటీలో భాగం కావాలి.

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి. 2019లో నిష్ఠ అనే కేంద్ర ప్రభుత్వ టీచర్ శిక్షణ కార్యక్రమం మొదలైంది, మొదట ముఖాముఖి జరిగింది, కోవిడ్ వచ్చాక దీక్షా యాప్‌లోకి మారింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవడానికి వెచ్చించాలని చెప్పింది. మంచి మాట. ఆన్‌లైన్ కోర్సుల్లో కొన్ని బాగున్నాయి, మారుమూల బడిలో ఉన్న టీచరుకి కూడా అందుతాయి, దాన్ని కాదనను. కానీ వీడియోని అడ్డుకుని ప్రశ్న అడగలేం. నా అమ్మీటర్ ముల్లు ఎందుకు కొట్టుకుంటోందో వీడియోకి తెలియదు. గంటలు పూర్తయ్యాయా, సర్టిఫికెట్ వచ్చిందా అని మాత్రమే పైనుంచి అడుగుతుంటే వీడియో ఒక పక్క నడుస్తూ ఉంటుంది, టీచరు ఇంకో పక్క మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కిస్తూ ఉంటారు. ఆ 50 గంటల్లో సగమైనా సబ్జెక్టు సమావేశాల్లో చేసిన పనికి లెక్కగట్టమని నా విన్నపం.

ఆ కాంప్లెక్స్ సమావేశాల్లో ఇప్పుడు ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. చాలాచోట్ల మొదటి గంట సర్క్యులర్లు చదవడం, తర్వాత ఏ బడిలో ఏ ఎంట్రీ పెండింగ్ ఉందో, ఎంతమంది పిల్లలకు అపార్ గుర్తింపు నంబర్లు కాలేదో చెప్పడం, తర్వాత పై నుంచి వచ్చిన వీడియో చూడటం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. ఒక మాదిరి పాఠం ఉంటుంది, టీఎల్ఎం, అంటే బోధన సామగ్రి, పట్టుకుని ఒకరు చెబుతారు, బాగుందని చప్పట్లు కొడతాం. ఆ పాఠంలో పిల్లలు లేరు, వాళ్ల తప్పులు లేవు, అంచేత చర్చించడానికి ఏమీ ఉండదు. టీచర్లలో కూడా టీ అయ్యాక సంతకం పెట్టి బయల్దేరేవాళ్లు ఉన్నారు. దాన్ని నేను సమర్థించను. కానీ తనకు రేపు క్లాసులో పనికొచ్చేది దొరుకుతుందంటే వెళ్లిపోయేవాళ్లు తక్కువ. ఆ హీటర్ కాయిల్ రోజున బస్సు టైము అయిపోతున్నా ఎవరూ లేవలేదు.

ఇంకో అడ్డంకి ఉంది, చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రతి బడిలోనూ ఉంది. సైన్సు సామాను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. బీకరు పగిలినా, లెన్స్ పోయినా ఇన్‌చార్జి టీచరు సమాధానం చెప్పుకోవాలి, రిటైరయ్యేటప్పుడు చార్జి అప్పజెప్పే దాకా ఆ భయం వదలదు. అందుకే మైక్రోస్కోపు బీరువాలోనే భద్రంగా ఉంటుంది. పిల్లలు వాడితే పగులుతాయి, పగలాలి కూడా. పగిలిన గాజుసామాను హెడ్‌మాస్టారు సంతకంతో కొట్టివేయవచ్చు, టీచరు నుంచి రికవరీ ఉండదు అని ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే ఏ శిక్షణా చేయలేని మేలు జరుగుతుంది. దానితో పాటు సెల్స్, తీగలు, స్పిరిట్, అయోడిన్ లాంటి అయిపోయే సరుకులకి బడి గ్రాంటులో కొంత విడిగా పక్కన పెట్టాలి. ఇప్పుడు చాలామంది సొంత జేబులోంచి కొంటున్నారు.

ఈ మధ్య స్టాఫ్ రూముల్లో ఎక్కడ చూసినా టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, గైడ్లే. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం టెట్ లేకుండా పనిచేస్తూ ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. కోర్టు మాటను కాదనే పని నాది కాదు, అర్హత అనేది ఉండాల్సిందే. అయితే టెట్ రెండో పేపర్‌లో లెక్కలు, సైన్సు కలిపి 60 ప్రశ్నలు, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించేవి. ఆ 60కి 60 తెచ్చుకున్నా, "రాలేదు టీచర్" అని పిల్లలు అన్నప్పుడు ఏం చేయాలో అందులో ఉండదు. పరీక్ష మీద ఇంత శ్రద్ధ పెట్టినప్పుడు, నేర్చుకునే చోటు మీద అందులో పావు వంతు పెట్టినా చాలు.

పైగా ఇప్పుడు అదను కూడా. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, రెండు చోట్లా వేలమంది కొత్తవాళ్లు బడుల్లో చేరారు. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు, పోటీలో గెలిచి వచ్చినవాళ్లు. వీళ్లలో చాలామంది తమ చదువులో కూడా ప్రయోగాలు రికార్డులో చూశారే గానీ చేసింది తక్కువ. మొదటి రెండు మూడేళ్లలో పక్కన ఒక అనుభవం ఉన్న టీచరు లేకపోతే వాళ్లూ బోర్డు మీద పట్టికలే రాస్తారు. ఇంకో పక్క ఆ సీనియర్ మాస్టారు లాంటివాళ్లు రిటైర్మెంటుకి దగ్గర పడుతున్నారు. ఆయనకు తెలిసిన కిటుకులు ఎక్కడా రాసి లేవు.

నెలనెలా దగ్గర్లోనే కలవడం ఎందుకంటున్నానంటే ఇంకో కారణం ఉంది. ఇల్లు వదిలి రోజుల తరబడి ఉండే రెసిడెన్షియల్ శిక్షణలు చిన్నపిల్లలున్న టీచర్లకు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాల్సినవాళ్లకు ఎంత ఇబ్బందో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్కడ కూర్చున్నా ధ్యాసంతా ఇంటి మీదే ఉంటుంది. మండలంలో జరిగితే సాయంత్రానికి ఇంటికి చేరుకుంటాం.

ప్రైవేటు బడుల టీచర్ల సంగతి ఎవరూ ఎత్తరు. మన రెండు రాష్ట్రాల్లో లక్షల మంది పిల్లలు అక్కడ చదువుతున్నారు. ఊళ్లలోని చిన్న ప్రైవేటు స్కూళ్లలో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లకి జీతమే అంతంతమాత్రం, వాళ్లకు శిక్షణ అనేది ఊహకు కూడా అందదు. కాంప్లెక్స్ సబ్జెక్టు సమావేశానికి వాళ్లను కూడా రానివ్వండి. వచ్చినంత మాత్రాన మన ఖర్చేమీ పెరగదు, కుర్చీలు నాలుగు ఎక్కువ వేస్తే చాలు.

అధికారులు ఒక మాట అంటారని నాకు తెలుసు. వదిలేస్తే టీచర్లు కబుర్లు చెప్పుకుని వెళ్లిపోతారు, నిఘా ఉండాలి అని. నిఘా కాదు, పని ఉండాలి. ప్రతి సమావేశంలో ఫలానా పాఠంలో ఫలానా ప్రయోగం చేశాం, ఇలా వచ్చింది, ఇది రాలేదు అని ఒక పేజీ రాయించండి. ఫొటో అక్కర్లేదు. మాలో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నలు ఆ పేజీ చివర రాస్తాం, వాటిని డైట్‌కి పంపండి, అక్కడా తేలకపోతే ఎస్‌సీఈఆర్‌టీకి పంపండి, తర్వాతి సమావేశంలోపు రాతపూర్వకంగా జవాబు తెప్పించండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ఫిజిక్స్, మ్యాథ్స్ లెక్చరర్లను మూడు నెలలకోసారైనా పిలవండి, వాళ్ల ల్యాబులు మాకు ఒక పూట తెరవండి. హోషంగాబాద్‌కి ముంబై నుంచి శాస్త్రవేత్తలు వెళ్లారు, మన మండలానికి పక్క టౌన్ నుంచి లెక్చరర్ రావడం అంత కష్టమా? ఉపాధ్యాయ సంఘాలు కూడా డీఏ, పీఆర్సీ, బదిలీలతో పాటు ఈ డిమాండ్‌ని తమ పత్రాల్లో మొదటి పేజీకి తెస్తే బాగుంటుంది. ఇది కూడా మా హక్కే.

ఇందులో ఏదీ రెండు ప్రభుత్వాలకూ భారం కాదు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఒక ఉత్తర్వు చాలు, సబ్జెక్టు సమావేశం రోజున సర్క్యులర్లు చదవకూడదు, వేరే ఏ పనీ పెట్టకూడదు అని.

మీ పత్రికకు కూడా ఒక మనవి. విద్య పేజీలో వారానికి ఒక చిన్న చోటు ఇవ్వండి. ఏ పాఠంలో ఏ ప్రయోగం రావడం లేదో, ఏ లెక్క దగ్గర పిల్లలు ఆగిపోతున్నారో టీచర్లను రాయమనండి, తెలిసిన టీచర్లను జవాబు రాయమనండి. మొదటి ప్రశ్న నేనే పంపుతున్నాను. ఎనిమిదో తరగతిలో ఘర్షణతో విద్యుదావేశం పుట్టించే ప్రయోగాలున్నాయి, బెలూన్ రుద్దడం, స్కేలు రుద్ది కాగితం ముక్కల్ని లాగడం. గాలిలో తేమ ఎక్కువుంటే ఆవేశం నిలవదు, వానాకాలంలో సగం బెంచీల్లో ప్రయోగం రాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో పనిచేసే ఫిజికల్ సైన్సు టీచర్లు దీన్ని ఏ నెలలో, ఏ వస్తువులతో చేయిస్తున్నారో దయచేసి రాయండి.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్సు ఉపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)